తెలుగు నోట ఇంగ్లీషు: విశాఖ తీరంలో భాషాబోధకుల చదువు

పుట్టుకతో ఒక భాష వచ్చిన మనిషి రెండో భాష ఎలా నేర్చుకుంటాడు? ఎక్కడ తడబడతాడు, ఎందుకు? ఆ తడబాటు దానంతటదే పోతుందా, ఎవరైనా చెయ్యిపట్టి దాటించాలా? అనువర్తిత భాషాశాస్త్రంలో బోధనకు సంబంధించిన భాగమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. అప్లైడ్ లింగ్విస్టిక్స్ అన్న పేరుతోనే ఎక్కువమందికి తెలిసిన ఈ చదువు వయసులో చిన్నది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రీస్ ఆధ్వర్యంలో 1941లో ఇంగ్లీషు బోధనకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 1948లో అక్కడి నుంచే ‘లాంగ్వేజ్ లెర్నింగ్’ పత్రిక మొదలైంది. బ్రిటన్‌లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 1950ల రెండో సగంలో ఈ శాస్త్రానికి ఒక విభాగం తెరిచింది. హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ 1958లో వచ్చింది. అంటే ఈ విషయంలో తెలుగు నేల ఎడిన్‌బరోకు మరీ వెనకబడి ఏమీ లేదు. ఆ సంస్థే 1972లో విదేశీ భాషలను కూడా కలుపుకొని ‘సీఫెల్’ అయింది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా ‘ఇఫ్లూ’ అయింది.

నిఘంటు నిర్మాణం, అనువాదం, భాషా ప్రణాళిక, వాగ్దోషాల చికిత్స, పరీక్షల తయారీ కూడా ఈ శాస్త్రం కిందికే వస్తాయి. అయినా దాన్ని పుట్టించింది, ఇప్పటికీ పోషిస్తున్నది భాషాబోధనే, అందులోనూ ఇంగ్లీషు బోధనే.

ఇంగ్లీషు చెప్పడానికి ఇంగ్లీషు వస్తే చాలదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. చాలాకాలం చాలుననే అనుకున్నారు. తెలుగునాట ఇంగ్లీషు ఉపాధ్యాయులను తయారుచేసిన ప్రధాన మార్గం సాహిత్యం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షులుగా బెజవాడలో ప్రారంభమై 1930లో వాల్తేరుకు చేరింది. అక్కడి ఇంగ్లీషు శాఖకు 1947 నుంచి దాదాపు ఇరవయ్యేళ్లు కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ పెద్దదిక్కు. భారతీయుల ఆంగ్ల రచనలపై ఆయన రాసిన బృహద్గ్రంథం ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్’ 1962లో వెలువడింది. సాహిత్యంలో అంతకు మించిన శిక్షణ కోరుకోనక్కర్లేదు. కానీ ఎక్కడైనా సరే, షేక్‌స్పియర్‌నూ మిల్టన్‌నూ చదివి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నవారు జిల్లా పరిషత్ హైస్కూలు తొమ్మిదో తరగతిలో నిలబడినప్పుడు వారికి ఎదురయ్యే చిక్కు వేరే జాతిది. అక్కడి కుర్రాడు క్రియను వాక్యం చివరికి ఎందుకు తోస్తున్నాడో ‘హామ్లెట్’ చెప్పదు.

అదే ప్రాంగణంలో మరో పాయ కూడా ఉండేది. భద్రిరాజు కృష్ణమూర్తి అక్కడే తెలుగు చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి భాషాశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో వచ్చింది. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. తెలుగు ధ్వనులు, తెలుగు క్రియలు, తెలుగు వాక్యం ఎలా పనిచేస్తాయో ఆ పుస్తకాల్లో శాస్త్రీయంగా ఉంది. అవి తెలుగువాళ్ల కోసం, తెలుగు నేర్చుకునే విదేశీయుల కోసం రాసినవని ఇంగ్లీషు ఉపాధ్యాయులు వాటి జోలికి పోలేదు. అనువర్తిత భాషాశాస్త్రం కోరేది సరిగ్గా ఆ జోలికి పొమ్మనే. తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు ఇంగ్లీషును ఎంత నిశితంగా చూస్తారో తెలుగునూ అంత నిశితంగా చూడాలి.

ఈ మాట ఈ తీరానికి కొత్తేమీ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చెప్పే ట్యూషన్‌ను తలుచుకుంటే చాలు. అర్థంతో నిమిత్తం లేని ఇంగ్లీషు ముక్కలను గురుశిష్యులిద్దరూ గుక్కతిప్పుకోకుండా వల్లించి వెంకటేశం తల్లిని మురిపిస్తారు. 1890ల నాటి ఆ వెటకారం విశాఖలో ఇవాళ్టి కొన్ని స్పోకెన్ ఇంగ్లిష్ ప్రకటనలకూ అతుకుతుంది. అయితే గురజాడ వెటకారంతో ఆగలేదు. 1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చాడు. అప్పటికి విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలకు ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్. పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు. ఈ నలుగురి కలయికను తెలుగువారు వ్యావహారిక భాషోద్యమానికి నాందిగా చెప్పుకుంటారు. అది నిజమే, కానీ ఆ నాంది భాషాబోధన గురించిన చర్చ అన్న సంగతి అంతగా గుర్తుండదు.

ఐరోపాలో అప్పటికి ‘డైరెక్ట్ మెథడ్’ అనే ప్రత్యక్ష పద్ధతి జోరుగా ఉంది. నేర్పే భాషను ఆ భాషలోనే నేర్పాలి, వస్తువులు చూపించి మాట్లాడించాలి, చదువూ రాతా తరవాత రావాలి అన్నది దాని సారం. మాట ముందు అన్న ఈ సూత్రాన్ని తెలుగు పాఠానికి పెట్టి చూడగానే అడ్డంకి తగులుతుంది. పుస్తకంలోని గ్రాంథిక తెలుగు ఏ పిల్లవాడి నోటా లేదు, ఏ పంతులు నోటా లేదు. ఎవరూ మాట్లాడని భాషలో మాట్లాడించడం ఎలా? తెలుగు నేర్చుకోబోయిన యేట్స్‌ను వేధించిందీ ఇదే. 1909లో పి.టి. శ్రీనివాస అయ్యంగార్ దేశభాషల పక్షాన ఒక పుస్తకం రాశారు. 1913లో గిడుగు ఆధునిక తెలుగుపై మెమొరాండం ప్రచురించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. 1919లో గిడుగు ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. పరీక్షలో ఏ తెలుగు రాయనివ్వాలి అన్న తరగతి గది ప్రశ్న ఇంత దూరం నడిచింది.

గిడుగును తలుచుకుంటూ ఇంగ్లీషు బోధన గురించి మాట్లాడటం తగునా అన్న అనుమానానికి జవాబు ఆయన జీవితంలోనే దొరుకుతుంది. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన రామమూర్తికి చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష మీద ఆసక్తి కలిగింది. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను దగ్గర పెట్టుకొని మాట మాటా అడిగి రాసుకున్నారు. తెలుగుతో చుట్టరికం లేని ముండా భాష అది. గొంతులో ఆగి తెగే ధ్వనుల వంటివాటికి తెలుగు అక్షరాలు చాలవు గనుక ధ్వనిసంకేతాలను ఆశ్రయించారు. సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర భాషపై ఆయన మాన్యువల్‌ను మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. వరుస గమనిస్తే, ముందు నేర్చుకునేవాడి భాష వినడం, తరవాత దాన్ని వర్ణించడం, ఆ వర్ణన మీద పాఠం కట్టడం. ఎడిన్‌బరోలో శాఖ తెరవడానికి అర్ధశతాబ్దం ముందే ఒక బడిపంతులు ఈ వరుసను ఆచరించి చూపాడు. ఆయనకు ఆ శాస్త్రం పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

విశ్వవిద్యాలయంలో ఈ చదువు సాధారణంగా ధ్వనిశాస్త్రంతో మొదలవుతుంది. ఇక్కడే తెలుగు పరిజ్ఞానం ఎక్కువ పనికొస్తుంది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది, అందుకే బస్, రోడ్ తెలుగులోకి వచ్చి బస్సు, రోడ్డు అయ్యాయి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ చివరి ఉకారం వెంట వస్తే ఆశ్చర్యం లేదు. మాట మొదట్లో సకారంతో సంయుక్తాక్షరం ఉంటే పాత తరం, పల్లె జనం ఇస్కూలు, ఇస్టేషను అనేవారు. స్త్రీ, స్థానం వంటి సంస్కృత పదాలు నోట నానినవారికి ఈ ఇబ్బంది ఉండదు. అంటే ఒకే తరగతిలో కూర్చున్న పిల్లల్లో ఈ లోపం కొందరికే ఉండటానికి కారణం తెలివితేటలు కావు, ఇంట్లో వినబడే తెలుగు. ఇంగ్లీషు టకారం మన తకార టకారాల నడుమ పుడుతుంది. తెలుగువాళ్లు దాన్ని ట దగ్గరికి చేర్చారు, థింక్‌లోని ధ్వనిని థ దగ్గరికి చేర్చారు. అర్థానికి దీనివల్ల వచ్చే నష్టం దాదాపు లేదు. దీన్ని సరిదిద్దడానికి తరగతులకు తరగతులు ఖర్చుపెట్టడం వృథా.

తెలుగులో లేవనుకున్నవి ఉండటం మరో వింత. బ్యాంక్, క్యాట్ మాటల్లోని అచ్చు తెలుగుకు లేదని చాలామంది ఉపాధ్యాయులు చెబుతారు. కోస్తా మనిషి మేక, మేడ అనేటప్పుడు నోరు ఎంత తెరుస్తాడో, మేలు అనేటప్పుడు ఎంత తెరుస్తాడో గమనిస్తే ఆ అచ్చు అక్కడే పట్టుబడుతుంది. కృష్ణమూర్తి తెలుగు వర్ణాల పట్టికలో దానికి దీర్ఘరూపంగా చోటిచ్చారు. అలాగే జూ అనే మాటలోని మొదటి ధ్వనికి రాజు, గాజు అన్నప్పటి జకారం దగ్గరి చుట్టం. ఉన్నదాని మీద నుంచి లేనిదాన్ని అందుకోవడం తేలిక. ఆ ఉన్నదేమిటో ఎరగని ఉపాధ్యాయులు ప్రతి ధ్వనినీ పరాయిదిగానే పరిచయం చేస్తారు.

అసలు కష్టం విడి ధ్వనుల్లో లేదు, ఊనికలో ఉంది. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమాన గౌరవంతో పలుకుతాయి. ఇంగ్లీషు ఒక అక్షరాన్ని గట్టిగా నొక్కి పక్కవాటిని మింగేస్తుంది. ఫోటోగ్రాఫ్‌లో ఊనిక మొదటి అక్షరం మీద, ఫోటోగ్రఫీలో రెండోదాని మీద. ఊనిక కదలగానే అచ్చుల రంగులన్నీ మారిపోతాయి. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించిన ఆర్.కె. బన్సల్ గ్రంథాన్ని హైదరాబాదు సంస్థ 1969లో ప్రచురించింది. తప్పుచోట పడే ఊనిక అందులో ముఖ్య కారణాల్లో ఒకటిగా తేలింది. మన బడి పాఠాల్లో మాత్రం స్పెల్లింగుకు ఉన్న ప్రాధాన్యంలో పదోవంతు కూడా ఊనికకు లేదు.

వాక్యనిర్మాణం దగ్గరికి వస్తే, రెండు భాషలను పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తిస్తే విద్యార్థి చేయబోయే తప్పులన్నీ ముందే చెప్పవచ్చునని రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించాడు. తెలుగుకు ఇది కొంతవరకు బాగానే అతుకుతుంది. “రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను” అనే వాక్యంలో ‘ఉంటున్నాను’ చేసే పనిని ఇంగ్లీషు వేరే కాలానికి అప్పగిస్తుంది, ఆ సంగతి తెలియక ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ పుడుతుంది. తెలుగులో ‘అతను టీచర్’ అంటే వాక్యం పూర్తి, ఇంగ్లీషులో క్రియ లేనిదే వాక్యం నిలవదు. ఆర్టికల్స్ సంగతి అందరికీ తెలిసిందే. కానీ లాడో లెక్క కొన్నిచోట్ల తప్పింది. మనం, మేము అనే భేదం ఇంగ్లీషుకు లేదు. అంత పెద్ద తేడా ఉన్నా తెలుగు పిల్లలెవరూ ‘వి’ దగ్గర తప్పు చెయ్యరు. మరోవైపు గో అనే క్రియకు భూతకాలం ‘గోయ్‌డ్’ అనేది తెలుగు నుంచి రాలేదు. ఇంగ్లండులో పుట్టిన మూడేళ్ల పిల్లలు కూడా అలాగే అంటారు.

ఈ పేచీని తేల్చినవాడు ఎడిన్‌బరోకు చెందిన పిట్ కార్డర్. విద్యార్థుల తప్పుల ప్రాముఖ్యంపై 1967లో అతను రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చదవాల్సినది. విద్యార్థి చేసే క్రమబద్ధమైన తప్పు అజ్ఞానానికి గుర్తు కాదు, తనలో తాను కట్టుకుంటున్న నియమానికి గుర్తు. గోయ్‌డ్ అన్న పిల్ల భూతకాల నియమం నేర్చేసుకుంది, మినహాయింపు ఇంకా నేర్వలేదు. 1972లో లారీ సెలింకర్ ఒక అడుగు ముందుకు వేసి, విద్యార్థి మాట్లాడేది మాతృభాషా కాదు, నేర్చుకునే భాషా కాదు, తనవైన నియమాలున్న మధ్యంతర భాష అన్నాడు. అది కొన్నిచోట్ల ముందుకు కదలక గడ్డకట్టిపోతుందనీ అన్నాడు. ముప్పయ్యేళ్లు ఆఫీసులో ఇంగ్లీషు వాడినా ‘సిన్స్ టూ ఇయర్స్’ వదలనివారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎర్రసిరా గుండ్రాలతో నిండిన పిల్లల నోటుపుస్తకాలు కార్డర్ తరవాత పరిశోధనకు ముడిసరుకుగా మారాయి. మంచి శిక్షణ కోర్సులో విద్యార్థి ఉపాధ్యాయులు దగ్గరి బడి నుంచి ఓ తరగతి వ్యాసాలు తెచ్చి, తప్పులను మూలాన్ని బట్టి వేరుచేస్తారు. తెలుగు నుంచి వచ్చినవి కొన్ని, ఇంగ్లీషు నియమాన్నే అతిగా సాగదీసినవి కొన్ని, పాఠం చెప్పినవారి నుంచి అంటినవి కొన్ని. మూడో కుప్ప పెద్దదిగా తేలడం అరుదేమీ కాదు.

పద్ధతుల చరిత్ర పాఠ్యపుస్తకాల్లో విస్తారంగానే ఉంటుంది. వ్యాకరణ–అనువాద పద్ధతి, ప్రత్యక్ష పద్ధతి, స్వాతంత్ర్యం తరవాత వాక్యనిర్మాణాలను ఒక వరుసలో పేర్చి వల్లెవేయించే స్ట్రక్చరల్ పద్ధతి. 1950ల చివర మద్రాసు రాష్ట్రంలో వేలాది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఈ మూడోదాన్ని అందించడానికి ‘స్నోబాల్’ పథకం పెట్టారు. కొందరికి నేర్పితే వారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పుతారు. మెట్టు మెట్టుకూ పాఠం పలచబడటం అప్పటి నుంచీ ఉన్న జబ్బే. ఇవాళ్టి మాస్టర్ ట్రైనర్ల పథకాలూ దానికి అతీతం కావు. స్ట్రక్చర్లు నేర్చిన పిల్లలు తరగతి దాటగానే నోరు విప్పలేకపోవడం గమనించిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. రైలు టైమ్‌టేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, మ్యాప్ ఇచ్చి దారి చెప్పమనడం వంటి పనులే అక్కడ పాఠం. వ్యాకరణం విడిగా చెప్పరు. బెంగళూరు ప్రాజెక్టుగా పేరొందిన ఈ పనికి ప్రపంచమంతటా అనుసరణలు వచ్చాయి, 1987లో ప్రభు పుస్తకమూ వచ్చింది. తరవాత 1990లో, శ్రేష్ఠమైన పద్ధతి అంటూ ఏదీ లేదని వాదిస్తూ ఆయనే ఓ వ్యాసం రాశారు. పద్ధతుల పేర్లు కంఠస్థం చేసి పరీక్ష రాసేవారు ఆ వ్యాసం ఒక్కటి చదివినా మేలు.

విశాఖకు ప్రత్యేకంగా వర్తించే అధ్యాయం వృత్తి అవసరాల ఇంగ్లీషు. 1933లో తెరుచుకున్న ఓడరేవు, 1948లో ‘జల ఉష’ను నీటిలోకి వదిలిన నౌకానిర్మాణ కేంద్రం, తూర్పు నౌకాదళం, చమురు శుద్ధి కర్మాగారం, 1966 నాటి ఉద్యమం ఫలితంగా వచ్చిన ఉక్కు కర్మాగారం. ఇన్ని చోట్ల ఇంగ్లీషు ఉన్నా, ఏ రెండు చోట్లా అది ఒకే ఇంగ్లీషు కాదు. రేవులో అది చెవికి సంబంధించినది. బయటి సముద్రంలో ఆగిన ఓడ కెప్టెన్ ఫిలిప్పీన్స్‌వాడు కావచ్చు, యుక్రెయిన్‌వాడు కావచ్చు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో గరగరల మధ్య పోర్ట్ కంట్రోల్‌తో, పైలట్‌తో మాట్లాడాలి. ఇద్దరికీ ఇంగ్లీషు మాతృభాష కాదు. ఎడిన్‌బరోలో ధ్వనిశాస్త్రం చెప్పిన పీటర్ స్ట్రెవెన్స్ 1980ల మొదట్లో నావికులతో కలిసి ‘సీస్పీక్’ అనే పరిమిత ఇంగ్లీషును రూపొందించాడు. దాని తరవాత అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక పదబంధాలను ఆమోదించింది. వాటి ప్రకారం చెప్పబోయేది ప్రశ్నా, హెచ్చరికా, ఆదేశమా, సలహానా అన్నది ముందే ప్రకటించి తరవాత మాట చెప్పవచ్చు. అంకెలను విడివిడిగా పలకాలి, నూట యాభై అనకుండా ఒకటి ఐదు సున్నా అనాలి.

ఆ నియమాల్లో ఒకటి తెలుగువారికి మరీ ముఖ్యం. ప్రశ్నకు ఉత్త ‘యస్’, ఉత్త ‘నో’ చాలవు, వెంటనే పూర్తి వాక్యం చెప్పి తీరాలి. “లంగరు ఎత్తలేదా?” అని అడిగితే తెలుగువాడు “అవును, ఎత్తలేదు” అంటాడు. అడిగినవాడి మాట నిజమని ఒప్పుకోవడం తెలుగు తర్కం. జరిగిందా లేదా అన్నదాన్నే పట్టుకొని ‘నో’ అనడం ఇంగ్లీషు తర్కం. బజారులో ఈ తేడా నవ్వుతో పోతుంది. ఇరుకు ప్రవేశమార్గంలో ఓడ కదులుతున్నప్పుడు పోదు. రేవులో పాఠం చెప్పబోయేవారికి ఈ ఒక్క ఉదాహరణతో తులనాత్మక వ్యాకరణం ఎందుకో బోధపడుతుంది.

ఉక్కు కర్మాగారంలో ఇంగ్లీషు కంటికీ చేతికీ సంబంధించినది. 1979లో సోవియట్ సహకారం కోసం ఒప్పందం కుదిరి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటి దగ్గర రాసేవి, చదివేవి మాత్రం ఇంగ్లీషే: వర్క్ పర్మిట్, షట్‌డౌన్ కాగితం, షిఫ్టు లాగ్‌బుక్, బ్రేక్‌డౌన్ రిపోర్టు. ఒరియా, హిందీ, బెంగాలీ, తెలుగు మాట్లాడేవారు ఒకే షిఫ్టులో ఉంటారు. నోటిమాట కలగాపులగంగా సాగిపోతుంది, సంతకం పడేది ఇంగ్లీషు మీద. ఏ పరికరానికి కరెంటు ఆపారు, ఎవరు ఆపారు, మళ్లీ ఎప్పుడు ఇవ్వవచ్చు అన్నది మూడు పొట్టి వాక్యాల్లో తికమక లేకుండా రాయగలగాలి. ఇటువంటి పాఠం కట్టడానికి ముందు బోధకులు ఆ కాగితాలు సేకరించి, వాటిలో ఏ క్రియలు, ఏ కాలాలు, ఏ పదబంధాలు పదేపదే వస్తున్నాయో లెక్కగట్టాలి. అవసరాల విశ్లేషణ అని దీనికి పేరు. ఆ లెక్క తేలాక, బడిలో ఏడాది పొడుగునా నేర్పే వ్యాకరణంలో ఎంతో భాగం ఇక్కడ అక్కర్లేదని, కర్మణి ప్రయోగం, నిబంధన వాక్యాలు మాత్రం రోజూ కావాలని సాధారణంగా తెలుస్తుంది. ఇంజినీరింగ్ కళాశాలల్లో ఇంగ్లీషు చెప్పే యువ అధ్యాపకుల్లో ఎక్కువమంది ఇలాంటి కాగితాన్ని ఎన్నడూ చూసి ఉండరు. చూపించే ఏర్పాటు శిక్షణలోనే ఉండాలి.

రేవు నుంచి పడమటి కొండలెక్కితే లెక్క మారుతుంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడివడిన పాడేరు, అరకు ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. అక్కడి పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. కృష్ణమూర్తి కొండ భాషపై 1969లో వెలువరించిన గ్రంథం ఈ కొండల్లో విన్న మాటల నుంచి పుట్టినదే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కోలామి, బంజారా భాషల్లో తొలి తరగతుల వాచకాలు తెచ్చింది. అవన్నీ తెలుగు లిపిలోనే. గిడుగు వాచకాలకు ఇవి నిజమైన వారసులు. మాతృభాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు బదిలీ అవుతుందని జిమ్ కమిన్స్ 1979లో చేసిన ప్రతిపాదన ఇలాంటి కార్యక్రమాలకు సిద్ధాంత బలం.

ఇంగ్లీషు మీడియం వివాదాన్ని ఇక్కడే చూడాలి. ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వెలువడిన జీవో 85ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. తల్లిదండ్రుల్లో ఇంగ్లీషు కోరిక బలమైనది, న్యాయమైనది కూడా. ఆ కోరికను మాధ్యమం మార్పుతో తీర్చవచ్చా, ఇంగ్లీషును ఒక భాషగా బాగా చెప్పడంతో తీర్చవచ్చా అన్నది విధాన ప్రశ్న. అనువర్తిత భాషాశాస్త్రంలో ఎక్కువ పరిశోధన రెండోదాని వైపు మొగ్గుతుంది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు తరవాత వచ్చాయి. అవి అనుకోకుండా చేసిన మేలు ఒకటుంది. తరగతిలో తెలుగు వాడటం నేరమనే పాత పట్టు సడలింది. విద్యార్థికి వచ్చిన భాషను ఎప్పుడు, ఎంతసేపు, ఏ పనికి వాడాలో ఆలోచించి నిర్ణయించడం ఇప్పుడు బోధకుల నైపుణ్యాల్లో భాగం. ఆ భాష ప్రామాణిక తెలుగే అయి ఉండనక్కర్లేదు. ‘ఏటి’, ‘బేగి’ అనే ఉత్తరాంధ్ర పిల్లల మాటను చూసి మొహం చిట్లించే ఉపాధ్యాయుల ముందు ఆ పిల్లలు ఇంగ్లీషులోనూ నోరు విప్పరు. రావిశాస్త్రి కథల్లో ఆ మాట సాహిత్య గౌరవం పొంది చాలా కాలమైంది, తరగతి గదికి ఆ గౌరవం ఇంకా పూర్తిగా చేరలేదు.

ఇక బోధనకు సిద్ధపడే దారులు. ప్రాథమిక స్థాయికి డి.ఎల్.ఎడ్., భీమునిపట్నం డైట్ వంటి జిల్లా సంస్థల్లో. హైస్కూలుకు బి.ఎడ్., 2015 నుంచి అది రెండేళ్ల కోర్సు, ఇంగ్లీషు మెథడాలజీ అందులో ఒక పేపరు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు ఇదే దారి. కళాశాలలకు ఎం.ఏ. ఇంగ్లీషు లేదా భాషాశాస్త్రం. ఇప్పటికే బోధిస్తున్నవారికి ఇఫ్లూ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు.

పేర్లు ఏవైనా తేడా తెచ్చేది బోధనాభ్యాసం. ఇప్పటి అలవాటు ప్రకారం పాఠ ప్రణాళికలు రాసి, చార్టులు కట్టి, రికార్డు అందంగా తయారుచేస్తే మార్కులు పడతాయి. పాఠంలో ఏం జరిగిందన్నది ఆ రికార్డులో కనబడదు. అందుకు బదులుగా ఫోన్‌లో ఒక పీరియడ్ శబ్దాన్ని రికార్డుచేసి, పది నిమిషాల భాగాన్ని అక్షరం వదలకుండా రాసుకోవడం మేలైన పని. ప్రశ్న వేశాక ఉపాధ్యాయుడు ఎన్ని సెకన్లు ఆగాడు, జవాబు తనే చెప్పేశాడా, ఏ తప్పును సరిదిద్దాడు, ఏది వదిలేశాడు, తెలుగులోకి ఎప్పుడు మారాడు, మాటల్లో పిల్లల వాటా ఎంత అన్నవన్నీ కాగితం మీద కనబడతాయి. పరీక్షల తయారీ దీని తోడుగా సాగాలి. బడి పరీక్ష రాత మీదే ఆధారపడినంత కాలం మాట్లాడించే పాఠానికి పీరియడ్ దొరకదు. కాబట్టి వినడాన్ని, మాట్లాడటాన్ని నలభై మంది ఉన్న తరగతిలో ఎలా కొలవాలో కూడా శిక్షణలోనే నేర్పాలి. ఇద్దరిద్దరు పిల్లలకు ఒక చిత్రం ఇచ్చి మూడు నిమిషాలు మాట్లాడించడం, నాలుగు అంశాల మీద మార్కులు వేయడం, ఒకే జంటకు ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా వేసిన మార్కులను పోల్చిచూడటం. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు, ఒక ఏడాదిలో నాలుగు మధ్యాహ్నాలు చాలు.